కామాకు ఒక దెబ్బ, ఫుల్‌స్టాపుకు రెండు

సిద్దిరాములు సారు మా బడికి వచ్చిన రోజున స్టాఫ్ రూములో అందరం ఒకే మాట అనుకున్నాం, ఏడాది తిరక్కముందే ఈయన బదిలీ పెట్టుకుంటాడని. మా బడి ఉన్న ఊరు అలాంటిది. ఎల్లారెడ్డి నుంచి గాంధారి వైపు పోయే దారిలో, బస్సు ఆగినా ఆగకపోయినా ఎవరూ అడగని చోట ఉంటుంది. పేరు రాయను. రాస్తే ఆ ఊరివాళ్లు నా మీదికి కొట్లాటకు వస్తారు. వాళ్లంటే నాకు ప్రేమ అని చెప్పినా అప్పుడు ఎవరూ నమ్మరు. నా పేరు ఉమాదేవి, ఆ బడిలో లెక్కల టీచర్ని. కామారెడ్డి నుంచి రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. కామా అంటే వేలకూ వందలకూ మధ్య పెట్టే గుర్తు అని మాత్రమే నాకు తెలుసు.

సిద్దిరాములు సారు తెలుగు పండితుడు, కామారెడ్డి దగ్గరి రాజంపేట మనిషి. తల్లి బీడీలు చేసి చదివించింది. 2008లో ప్రకటన పడిన ఉద్యోగం ఆయన చేతికి వచ్చేసరికి 2010 అయింది. ఈలోగా కామారెడ్డిలో పెళ్లిపత్రికలు అచ్చువేసే ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. కామా పిచ్చి ఆయనకు అక్కడే అంటుకుందని నా అనుమానం. పత్రికలో ఇద్దరు మేనమామల పేర్ల మధ్య కామా పడకపోతే ఇద్దరూ ఒక్కడే అయిపోతారని, ఆ అలక తీర్చడానికి పెళ్లికొడుకు తండ్రి వాళ్ల కాళ్లు పట్టుకోవాల్సి వస్తుందని చెప్పేవాడు. ఇస్త్రీ చొక్కా, సన్నటి మనిషి, పిల్లల మీద చెయ్యెత్తగా నేను చూడలేదు.

మా బడిలో ఏడో తరగతి దాకా ఉండేది. ఊరికి అదే పెద్ద ఆస్తి అని ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆరు, ఏడు లేకపోతే, అయిదు కాగానే హైస్కూలుకు ఎల్లారెడ్డి పోవాలి, బడి టైముకు బస్సు లేదు. మగపిల్లలు సైకిలు తొక్కుకుంటూ పోతారు. ఆడపిల్లల ఒళ్లోకి బీడీలు చేసే చాట వస్తుంది. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర. ఆరు, ఏడు తరగతులు ఊళ్లోనే ఉన్నాయి కాబట్టి ఆ చాట రెండేళ్లు వాయిదా పడుతుండేది. అయితే ఆ తరగతుల్లో పిల్లలు తగ్గితే వాటిని ఎత్తేసి ఎల్లారెడ్డిలో కలిపేస్తారని ప్రతి ఏడూ ఒక పుకారు వచ్చేది. సిద్దిరాములు సారు ఆ పుకారును నమ్మాడు. సాయంత్రం బడి కాగానే ఇల్లిల్లూ తిరిగి, “అయిదు కాంగనే ఆపకుండ్రి, ఆరుకు పంపుండ్రి,” అని బతిమాలేవాడు. అట్లా వచ్చిన పిల్లల్లో నిరోష ఒకతి. తల్లీ తండ్రీ బొంబాయిలో కూలిపనికి పోతే నాయనమ్మ భూదవ్వ దగ్గర పెరుగుతున్న పిల్ల. భూదవ్వను ఒప్పించడానికి సారు ఎన్ని చాయ్‌లు తాగాడో ఆయన కడుపుకే తెలుసు.

2011లో ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది. ఊరూ వాడా రోడ్డు మీదే ఉంది, మేమూ ఉన్నాం. దసరా పోయి బడులు తెరిచేసరికి పిల్లలు నేర్చుకున్నదంతా మరిచి హాయిగా ఉన్నారు. సిద్దిరాములు సారు ఆరో తరగతిలో పాఠం చదవమన్నాడు. అభిలాష్ లేచి పేరా మొదట్లో గాలి పీల్చుకుని పేరా చివర వదిలాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు, మొహం కందిపోయింది. తండా నుంచి వచ్చే గాంగి లేచి మాట మాటకూ ఆగింది. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్ల, ఒక్కో తెలుగు మాటనూ పరాయి ఇంటి గడపలాగా చూసి చూసి దాటింది. రాయడం ఇంకో వింత. కామాలేవీ అని కోప్పడితే, మరునాడు అన్నం మీద కారం చల్లినట్టు పేజీ నిండా చల్లి తెచ్చారు.

సారు బోర్డు మీద నియమాలు రాశాడు. వరుసగా వస్తువులు చెబితే మధ్య మధ్య కామా: మక్కలు, జొన్నలు, పెసర్లు, సోయా. ఎవరినైనా పిలిస్తే పిలుపు తర్వాత కామా: బాపూ, నాకు సైకిలు కొనియ్యవా. పని తర్వాత పని చెబితే పనికొక కామా: లేచి, మొహం కడిగి, తిని, బడికి వచ్చాను. పిల్లలు అన్నీ బట్టీ పట్టారు. అడిగితే గడగడా అప్పజెప్పారు. ఆ అప్పజెప్పడంలోనూ ఎక్కడా ఆగలేదు.

ఒక పొద్దున ఆయనా నేనూ బస్సు దిగి నడుస్తుంటే మైసన్న రేషను కిరోసిన్ గురించి చాటింపు వేస్తున్నాడు. పంచాయతీ కబురు ఏదైనా ఉంటే వాడవాడా తిరిగి డప్పు కొట్టి చెప్పేది మైసన్నే.

“రేపు పొద్దుగాల,” డం. “కంట్రోల్ దుకాణం కాడ,” డం. “గాస్‌నూనె పోస్తరు.” డండం.

సారు దారి మధ్యలో నిలబడిపోయాడు. “మైసన్నా, నడుమ నడుమ ఎందుకు కొడుతవే?” అని అడిగాడు.

“ముంగటి మాట యాదికొచ్చేదాక కొడ్త సార్,” అన్నాడు మైసన్న. “మొత్తం చెప్పినంక రెండు కొడ్త, ఇగ అయిపోయింది, ఇండ్లకు పోండ్రని.”

అందులో పెద్ద శాస్త్రమేమీ నాకు కనిపించలేదు. సారుకు మాత్రం లాటరీ తగిలినట్టయింది. మధ్యాహ్నానికల్లా మైసన్న దగ్గర ఒక పాత డప్పు తెచ్చాడు. కామాకు ఒక దెబ్బ, ఫుల్‌స్టాపుకు రెండు. ఒకరు చదవాలి, ఇంకొకరు కొట్టాలి. కామా దగ్గర ఆగని వాడి గొంతు డప్పు కింద మునిగిపోతుంది.

మా హెడ్‌మాస్టరు హనుమాండ్లు సారుకు ఇది నచ్చలేదు. “బడిల డప్పేంది సిద్దిరాములూ? ఊరోళ్లు ఏమనుకుంటరు?” అన్నాడు. ఊళ్లో కొందరు అనుకున్నారు కూడా. మైసన్న పిల్లలు బడిలోకి వచ్చినప్పుడు ఎవరి మొహాలు మాడాయో, మైసన్న డప్పు వచ్చినప్పుడూ ఆ మొహాలే మాడాయి. సిద్దిరాములు సారు ఎవరికీ జవాబు చెప్పలేదు. వంట నాగవ్వకు మాత్రం చెప్పుకోక తప్పలేదు. డప్పు మోగాలంటే కాగాలి. కాచడానికి బడిలో ఉన్నది మధ్యాహ్న భోజనం పొయ్యి ఒక్కటే.

“పప్పు ఉడుకుతలేదు, నడుమ మీ కామా ఏంది సార్?” అని నాగవ్వ రోజూ అరిచేది. అరుస్తూనే గిన్నె పక్కకు జరిపేది.

మొదటి రోజు డప్పు మోగిన కాసేపటికి బడి గేటు దగ్గర అలికిడి అయింది. చూస్తే, డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వరుస కట్టారు. అందరికంటే ముందు భూదవ్వ. చేతిలో తెల్లకార్డు, చంకలో అయిదు లీటర్ల డబ్బా.

“అవ్వా, గాస్‌నూనె లేదు. ఇది కామా,” అన్నాడు సారు.

“గదైనా సరే డబ్బల పొయ్యి కొడుకా,” అంది భూదవ్వ. “కార్డుకు ఎంత మందం ఇస్తరు?”

రెండో రోజు కూడా వచ్చారు. ఆ తర్వాత పింఛను అనుకుని ముసలివాళ్లు వచ్చారు. తండా నుంచి భీమ్‌సింగ్ కరువు పని కూలి డబ్బులు వచ్చాయనుకుని చేను వదిలి వచ్చాడు. చేను పని దండగ అయిందని, తాను ఇక్కడి నుంచి కదిలేది లేదని బడి వరండాలో కూర్చున్నాడు. చివరికి పాఠం అయ్యేదాకా విని, మధ్యాహ్నం అన్నం తిని పోయాడు. ఊరంతా సర్పంచ్ మీద పడింది. సర్పంచ్ మైసన్నను పిలిచాడు. ఆ సాయంత్రం మైసన్న వాడవాడా తిరిగాడు, తండాకు కూడా పోయాడు.

“బడి దిక్కు డప్పు మోగితే,” డం. “ఎవ్వరు రావద్దు,” డం. “అది కామా.” డండం.

మా ఊరు ఎన్నికల్లో ఎవరి మాటా వినదు. పంచాయతీ నీళ్ల పన్ను కట్టమంటే వినదు. ఆ చాటింపు మాత్రం తు.చ. తప్పకుండా విన్నది. ఆ రోజు నుంచి బడిలో డప్పు మోగితే కుక్క కూడా తల తిప్పి చూసేది కాదు. పిల్లలు చక్కగా చదవడం మొదలుపెట్టారు. గాంగికి దెబ్బ దాకా చేరాలన్న పట్టుదల వచ్చింది, మాటల మధ్య ఆగడం మానేసింది. నిరోషకయితే డప్పే అక్కర్లేకపోయింది. సాయంత్రం వాకిట్లో బీడీలు చేసే ఆడవాళ్ల నడుమ కూర్చుని పేపరు చదివేది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతుంటే, “గీ పోరి చదివితే సమజైతది,” అని వాళ్లు టీవీ కట్టేసి వినేవాళ్లు. సిద్దిరాములు సారు ఒకసారి ఆ వాకిలి ముందు నుంచి పోతూ విన్నాడు. మరునాడంతా ఆయన మొహంలో నవ్వు పోలేదు.

శివరాత్రికి ముందు, శనగలు పీకే రోజులవి. ఆ రోజుల్లో మా బడి సగం చేన్లలోనే ఉంటుంది. కూలికి మనుషులు దొరకరు, పిల్లలు దొరుకుతారు. అలాంటి రోజున, ముందు కబురేమీ లేకుండా ఒక జీపు వచ్చి ఆగింది. పైనుంచి ఒక అధికారి దిగాడు. ఆరు, ఏడు తరగతుల పిల్లల తలలు లెక్కపెట్టడానికి వచ్చానని, రిజిస్టరు తనకు అక్కర్లేదని, ఎదురుగా ఉన్న తలలే లెక్క అని చెప్పాడు. పుకారు కాదన్నమాట.

రెండు తరగతులూ కలిపి ఒక గదిలో కూర్చోబెడితే గది బోసిగా ఉంది. హనుమాండ్లు సారు అధికారికి చాయ్ అందించి, బయటికి వచ్చి సిద్దిరాములు సారు చెవిలో, “డప్పు కొట్టు. చేన్లన్ని దగ్గర్నే ఉన్నయి. ఊరంత ఉరికొస్తది,” అన్నాడు. నాకూ అది మంచి ఉపాయమే అనిపించింది. భయంలో ఉన్న ముగ్గురు చదువుకున్నవాళ్లకు ఒక చాటింపు గుర్తుకు రాలేదు.

సిద్దిరాములు సారు బడి గోడ ఎక్కి కొట్టాడు. కామాలు లేవు, ఫుల్‌స్టాపులు లేవు, చేతులు వాచేలా కొట్టాడు. దగ్గరి చేనులో ఒక పిల్లవాడు నడుమెత్తి చూడటం, పక్కనున్న పెద్దమనిషి వాణ్ని మళ్లీ వంచడం గోడ మీది నుంచి ఆయనకు కనబడింది. ఊళ్లో నుంచి ఒక్క తలుపు చప్పుడు కూడా వినిపించలేదు. ఇక ఆగలేక నేను చెప్పులు చేత పట్టుకుని శనగ చేను దాకా పరుగెత్తాను.

“మీ పిల్లలను పంపుండ్రి! డప్పు వినవడుతలేదా?” అని అరిచాను.

“ఎందుకు వినవడది టీచరమ్మా?” అన్నాడు భీమ్‌సింగ్, శనగ మొక్క మట్టి దులుపుతూ. “ఇయ్యాల కామా శాన పెద్దగున్నట్టున్నది.”

దారిలో మైసన్న ఎదురైతే వాడి మీద విరుచుకుపడ్డాను. మైసన్న బిత్తరపోయాడు. “నేనే రావద్దని సాటిస్తి. నేనే ఎట్ల వస్త టీచరమ్మా?” అన్నాడు.

పిల్లలను వెంటేసుకుని వచ్చేసరికి అధికారి లెక్క ముగించి సంతకం పెట్టేశాడు. కానీ జీపు ఎక్కలేదు. ఆ డప్పు ఏమిటని అడిగాడట. సిద్దిరాములు సారు సిగ్గుపడుతూ చెప్పి, ఉన్న పిల్లలతోనే చదివించి చూపిస్తున్నాడు. అభిలాష్ కొడుతున్నాడు, నిరోష చదువుతోంది. అధికారి మొహం వెలిగిపోయింది. ఇలాంటి పద్ధతి తన సర్వీసులో చూడలేదన్నాడు. నేను తెచ్చిన పిల్లలను కూడా కలపమంటే, సంతకం అయిన లెక్క మార్చడానికి లేదని నొచ్చుకున్నాడు. ఆయన మంచివాడే, అదే నా బాధ. దుర్మార్గుడైతే తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఆ రోజు ఆయన రెండు కాగితాలు రాసిపెట్టి పోయాడు. ఒకటి, పిల్లలు చాలినంత మంది లేరు కాబట్టి జూన్ నుంచి ఆరు, ఏడు తరగతులు ఎత్తివేయాలని. రెండోది, ఆరో తరగతికి కామాలు నేర్పే ఈ పద్ధతిని అందరు ఉపాధ్యాయులకూ నేర్పించాలని.

రెండూ మంజూరయ్యాయి.

జూన్‌లో తరగతులు పోయాయి, వాటితో పాటు తెలుగు పండితుడి పోస్టు కూడా పోయింది. సిద్దిరాములు సారును డోంగ్లికి వేశారు. మహారాష్ట్ర పొలిమేర, ఇంట్లో మరాఠీ మాట్లాడే పిల్లలు. ఈయన కామాల దాకా ఎప్పుడు చేరతాడో దేవుడికే తెలియాలి. అభిలాష్, ఇంకొందరు మగపిల్లలు ఎల్లారెడ్డికి సైకిళ్లు తొక్కారు. గాంగి మేకల వెంట పోయింది. నిరోష ఒళ్లోకి చాట వచ్చింది.

ఆ వానాకాలంలోనే కామారెడ్డిలో ఉపాధ్యాయులకు శిక్షణ పెట్టారు. కామాలు నేర్పేది సిద్దిరాములు సారు. నమూనా పాఠానికి, డప్పు పద్ధతి తెలిసిన పిల్లలు కావాలన్నారు. ముందురోజు ఆయన డోంగ్లి నుంచి మూడు బస్సులు మారి వచ్చాడు. ఇద్దరం కలిసి ఇల్లిల్లూ తిరిగాం. భూదవ్వ వాకిట్లో నిరోష బీడీలు చేస్తోంది. చెయ్యి అప్పుడే బాగా తిరిగింది.

“ఒక్క దినం బడికి పంపితే ఏం ఫాయిదా సార్?” అని అడిగింది భూదవ్వ.

సారు నేల చూపులు చూశాడు. “ఒక్క దినమే అవ్వా,” అన్నాడు.

భూదవ్వ పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. పొద్దున మేం ఆటో తెచ్చేసరికి నిరోష పాత యూనిఫాం వేసుకుని, రెండు జడలకూ రిబ్బన్లు కట్టుకుని నిలబడి ఉంది. గాంగి, అభిలాష్, ఇంకో నలుగురు కూడా వచ్చారు.

హాలు నిండా మా లాంటి టీచర్లే. వేదిక మీద ఆ అధికారి. పిల్లలు చదివారు, సారు డప్పు కొట్టాడు. గాంగి ఒక్క మాట దగ్గరా తడబడలేదు. టీచర్లు డప్పు దెబ్బలను నోట్సుగా రాసుకున్నారు. అధికారికి ఉత్సాహం ఆగలేదు. “పుస్తకంలోది ఎవరైనా చదువుతారు. సొంతంగా ఒక వాక్యం చెప్పమ్మా, కామాలు ఉండాలి,” అని నిరోషను ముందుకు పిలిచాడు.

నిరోష చేతులు కట్టుకుని చెప్పింది.

“పొద్దుగాల లేస్త,” డం. “వాకిలి ఊడుస్త,” డం. “అవ్వకు చాయ్ పెడ్త,” డం. “చాట ముంగటేస్కుంట,” డం. “చీకటి పడేదాక బీడీలు చేస్త.”

చివర రెండు దెబ్బలు పడాలి. సిద్దిరాములు సారు చెయ్యి లేవలేదు. హాలు ఎదురుచూసింది.

“డండం!” అని అధికారే నోటితో అన్నాడు, నవ్వుతూ. “శభాష్! నాలుగు కామాలు, ఒక ఫుల్‌స్టాపు, ఒక్క తప్పు లేదు. అందరూ చప్పట్లు కొట్టండి.”

కొట్టారు. హాలు మారుమోగింది. ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాయించి, దగ్గర దగ్గర అరగంట కామాల గురించి చర్చించారు. సారుకు శాలువా కప్పారు. కప్పుతుండగా ఆయన, “సార్, వీళ్ల తరగతి మళ్ల...” అని మొదలుపెట్టాడు. అధికారి ఆయన భుజం తట్టి, “అది వేరే సెక్షన్ చూస్తుంది సిద్దిరాములు గారూ, ఇవాళ మనం కామాల వరకే,” అన్నాడు. ఆ తర్వాత భోజనాలకు పిలిచారు.

తిరుగు ఆటోలో పిల్లలందరికీ హుషారుగా ఉంది. నిరోష మాత్రం సారు పక్కన కూర్చుని ఏదో ఆలోచిస్తోంది. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది.

“సార్, నేను తప్పు చెప్పిన్నా?”

“లేదు బిడ్డా. మంచిగ చెప్పినవ్.”

“మంచిగ చెప్తే మా క్లాసు మళ్ల పెడ్తరని అవ్వ అన్నది. ఎప్పటి సంది పెడ్తరు సార్?”

ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కించమని నేను మనసులో ఆయనను వేడుకున్నాను. ఆయన శాలువా మడత పెట్టి ఒళ్లో ఉంచుకున్నాడు.

“పెట్టరు బిడ్డా,” అన్నాడు.

నిరోష నిజంగానే అర్థంకాక, మా ఇద్దరి వైపూ తిరిగింది.

“మరి గంతమంది చప్పట్లు ఎందుకు కొట్టిండ్రు సార్?”